ఒక్క ‘నే’ చేసిన పని

సంపాదకులు గారికి,

నమస్కారం.

పోయిన బుధవారం మీ పత్రిక చదువు పేజీలో వచ్చిన రీజనింగ్ ప్రశ్నల్లో ఏడోదాని గురించి ఈ ఉత్తరం. చూడ్డానికి చిన్న విషయమే. కానీ దానివల్ల మా ఇంట్లో రెండు రోజులు భోజనాలు సరిగ్గా సాగలేదు. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను. చోటు చాలకపోతే ఎక్కడైనా కత్తిరించుకోండి, ఏడో ప్రశ్న సంగతి మాత్రం ఉంచండి.

ప్రశ్న ఇదీ: ‘హాల్‌టికెట్ ఉంటేనే పరీక్ష హాల్లోకి అనుమతిస్తారు. లలిత దగ్గర హాల్‌టికెట్ ఉంది.’ దాని కింద నిర్ధారణ: ‘కాబట్టి లలితను హాల్లోకి అనుమతిస్తారు.’ పై రెండు మాటల నుంచి ఈ నిర్ధారణ కచ్చితంగా తేలుతుందా, తేలదా అని అడిగారు. పేజీ అడుగున తలకిందులుగా అచ్చేసిన జవాబుల్లో ‘తేలుతుంది’ అని ఇచ్చారు.

తేలదండీ. పరీక్షల రోజుల్లో మీ పత్రికలోనే చూస్తుంటాం ఆ ఫొటో. మూసిన గేటు బయట హాల్‌టికెట్ చేత్తో పట్టుకుని ఏడుస్తున్న పిల్ల, పక్కనే వాచ్‌మన్‌ని బతిమాలుతున్న తండ్రి, పైన ‘నిమిషం ఆలస్యం’ అని హెడ్డింగు. ఆ పిల్ల పేరు లలితే అనుకోండి. హాల్‌టికెట్ ఉంది, అయినా రానివ్వలేదు. అలాగని ‘హాల్‌టికెట్ ఉంటేనే అనుమతిస్తారు’ అన్న మాట అబద్ధమైపోయిందా? కాలేదు. అది లేనివాళ్లని రానివ్వరన్నదే ఆ మాటకి అర్థం. ఉన్నవాళ్లందరినీ రానిస్తామని అందులో ఎక్కడా లేదు.

నేను లాయర్నీ కాదు, లెక్కల మాస్టార్నీ కాదు. స్టీల్‌ప్లాంట్‌లో, స్టీల్ మెల్ట్ షాపులో కాస్టింగ్ దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ క్లాట్‌కి, అంటే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్షకి, తయారవుతోంది. మా విశాఖ దగ్గర సబ్బవరంలో 2008లో పెట్టిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో సీటు కావాలని దాని ఆశ. ఇంటికి దగ్గర, ఆదివారాలు వచ్చి వెళ్తుందని మా ఆశ. ఆ పరీక్షలో రెండు గంటల్లో 120 ప్రశ్నలు చెయ్యాలి. అందులో అయిదో వంతు దాకా లాజిక్కే. తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. అంతా ఇంగ్లీషులోనే. 2020 నుంచి పద్ధతి మార్చి, పేరా ఇచ్చి దాని మీద ప్రశ్నలు అడుగుతున్నారు. ఈ డిసెంబర్‌లోనే పరీక్ష.

సెలవు రోజుల్లో దాన్ని ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి తీసుకెళ్లే డ్యూటీ నాది. పేరెందుకు లెండి, ఆ వీధిలో రాయి విసిరితే కోచింగ్ సెంటర్ మీదే పడుతుంది. అది క్లాసులో ఉన్నంతసేపూ నేను అక్కడి పబ్లిక్ లైబ్రరీలో కూర్చుంటాను. పేపర్లన్నీ చదవడం అయిపోయాక ఏం చెయ్యాలో తోచక దాని లాజిక్ పుస్తకం తిరగేసేవాణ్ణి. అలా పట్టుకుంది నాకు ఈ పిచ్చి.

ఏడో ప్రశ్నకి అది ‘తేలదు’ అనే పెట్టింది. జవాబు చూసుకుని, ఒకటికి రెండుసార్లు చదివి, మర్నాడు కోచింగ్‌లో సార్‌ని అడిగింది. ఆయన పేపర్ వంక చూసి, ‘కీలో ఏముందో అదే కరెక్ట్. పరీక్ష ముందు ఇలాంటి డౌట్లు పెట్టుకోకు’ అన్నాడట. ఇంటికొచ్చి ‘నాకు లాజిక్ రాదు తాతయ్యా’ అంది. పెరుగన్నం అలాగే వదిలేసి లేచిపోయింది. ఆ వారం మాక్ టెస్టులో ఇదే రకం ప్రశ్నలు నాలుగొస్తే నాలుగూ మీ కీ పద్ధతిలోనే చేసింది. నాలుగు మార్కులూ పోయి, పైన ఇంకో మార్కు మైనస్. తెలియని పిల్ల తప్పు చేస్తే నేర్పొచ్చు. తెలిసిన పిల్లకి తెలియదని నమ్మకం కలిగించాక ఎలా సర్దాలో నాకు తోచలేదు.

మీ పేజీ తయారుచేసినవాళ్లని తిట్టడానికి రాయడం లేదు. ఎక్కడ జారిందో ఊహించగలను. మూలం ఇంగ్లీషులో ‘ఇఫ్’ అని ఉండి ఉంటుంది: హాల్‌టికెట్ ఉంటే అనుమతిస్తారు. అలా ఉంటే ‘తేలుతుంది’ అన్నదే సరైన జవాబు. తెలుగులో పెట్టేటప్పుడు రాసినాయనకి ‘ఉంటే అనుమతిస్తారు’ అన్నది చప్పగా అనిపించి, మనం మామూలుగా అనేటట్టు ‘ఉంటేనే’ అని ‘నే’ తగిలించి ఉంటారు. మాటకి బలం వచ్చింది. అర్థం తిరగబడింది. జవాబు మాత్రం ఇంగ్లీషుదే మిగిలింది.

ఈ ‘నే’ గురించే నేను మనవరాలికి రెండు రాత్రులు కూర్చుని చెప్పాను. ‘వాన పడితే నేల తడుస్తుంది.’ ఇందులో వాన చాలు, ఇంకేమీ అక్కర్లేదు. అయితే నేల తడిసిందని వాన పడిందనుకోడానికి లేదు, నీళ్ల ట్యాంకర్ కారుకుంటూ వెళ్లినా తడుస్తుంది. ‘కరెంటు ఉంటేనే మోటారు తిరుగుతుంది.’ ఇందులో కరెంటు తప్పనిసరి. కానీ కరెంటు ఒక్కటీ ఉంటే చాలదు, కాయిల్ కాలిపోయి ఉండొచ్చు, స్విచ్ వెయ్యడం మర్చిపోయి ఉండొచ్చు. ఇంగ్లీషులో దీనికి ‘ఇఫ్’, ‘ఓన్లీ ఇఫ్’ అని పెట్టి, పుస్తకంలో బాణం గుర్తులు గీసి, ఏ బాణం ఎటు తిప్పాలో నాలుగు పేజీలు రాశారు. మనకి ఒక్క అక్షరంలో అయిపోయింది.

ఇంకో తోక కూడా ఉంది మనకి: ‘ఉన్నా’, ‘పడినా’, ‘చేసినా’. అసలు కీలకం ఇదే. ‘కరెంటు ఉంటే మోటారు తిరుగుతుంది’ అని ఎవరైనా వాదిస్తే, ‘నిన్న కరెంటు ఉన్నా తిరగలేదు’ అని ఒక్కటి చూపిస్తే చాలు, ఆ వాదన పడిపోతుంది. అదే ‘ఉంటేనే తిరుగుతుంది’ అన్నవాడి దగ్గరికి వెళ్లి ‘ఉన్నా తిరగలేదు’ అంటే ‘అయితే ఏంటట?’ అంటాడు. వాణ్ణి పడగొట్టాలంటే ‘కరెంటు లేకపోయినా తిరిగింది’ అని చూపించాలి. ఏ మాటని ఏ ‘నా’ కొడుతుందో పట్టుకుంటే ఆ మాటకి అసలు అర్థమేంటో తెలిసిపోతుంది. ఇప్పుడు ఏడో ప్రశ్న దగ్గరికి రండి. ‘హాల్‌టికెట్ ఉన్నా లలితను రానివ్వలేదు.’ ఇది మొదటి వాక్యాన్ని కొట్టిందా? కొట్టలేదు. కాబట్టి మీ నిర్ధారణ తేలదు.

ఇంగ్లీషు పేరాలో ‘ఇఫ్’ కనబడితే మార్జిన్లో ‘తే’ అనీ, ‘ఓన్లీ ఇఫ్’ కనబడితే ‘తేనే’ అనీ పెన్సిల్‌తో రాసుకోమన్నాను. ‘అన్‌లెస్’ దగ్గర పిల్లలందరూ తడబడతారు. అక్కడ ‘కపోతే’ అని రాసుకుంటే సరి: సంతకం లేకపోతే దరఖాస్తు చెల్లదు. అంతకుమించి అందులో ఏమీ లేదు. మొదట నవ్వింది. తర్వాత రాసుకుంటోంది.

ఒక చిక్కు ఉంది, దాచకూడదు. ఇళ్లలో మనం ‘తే’ అన్నా ‘తేనే’ అన్న అర్థంలో వాడేస్తుంటాం. ‘అన్నం తింటే ఐస్‌క్రీం కొనిస్తా’ అని తల్లి అంటే, తినకపోతే లేదని పిల్లాడు దానంతటదే కలిపేసుకుంటాడు, తల్లి ఉద్దేశమూ అదే. ఇంట్లో అది సబబే. పరీక్షలో మాత్రం చెప్పినంతవరకే తీసుకోవాలి, చెప్పనిది కలపకూడదు. ఈ తేడాని పిల్లలకి నోరు విప్పి చెప్పాలి. కోచింగ్‌లో ఎవరూ చెప్పరు, బాణాలు గీయిస్తారు.

ఇది పిల్లల తెలివితక్కువ కాదని చూపడానికి కూర్మన్నపాలెంలో మా పొద్దుటి నడక బ్యాచ్ మీద ఒక పరీక్ష పెట్టాను. ఇంగ్లండ్‌లో పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో ప్రచురించిన పజిల్ అది. నేను దాన్ని తెలుగు చేసుకుని, పాత శుభలేఖ చింపి నాలుగు ముక్కల మీద రాసి పట్టుకెళ్లాను. పైకి కనిపించేవి: అ, క, 4, 7. ప్రతి ముక్కకీ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె ఉంటాయి. రూలు: ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి. రూలు తప్పిందో లేదో తేల్చడానికి ఏయే ముక్కలు తిప్పి చూడాలి? అనవసరంగా ఒక్కటి కూడా తిప్పకూడదు.

ఆరుగురం ఉన్నాం బెంచీ మీద, నేను కాక అయిదుగురు. నలుగురు ‘అ, 4’ అన్నారు. ఒకాయన నాలుగూ తిప్పేద్దాం, ఏం పోయింది అన్నాడు. సరైన జవాబు ‘అ, 7’. నాలుగు వెనకాల హల్లు ఉన్నా రూలుకి నష్టం లేదు, హల్లుల సంగతి రూలు ఎత్తనే లేదు కదా. ఏడు వెనకాల అచ్చు ఉంటే మాత్రం రూలు పోయినట్టే. మావాళ్లు చిన్నబుచ్చుకున్నారు. వేసన్ అడిగినవాళ్లలోనూ పదిమందికి ఒకరైనా సరిగ్గా చెప్పలేదని చెప్పాక కాస్త తేరుకున్నారు.

మర్నాడు ముక్కలు మార్చాను. బస్సు. రూలు: స్టూడెంట్ పాస్‌తో ఎక్కితే కాలేజీ ఐడీ కార్డు ఉండాలి. నలుగురున్నారు. ఒకడు పాస్ చూపిస్తున్నాడు. ఒకడు ఫుల్ టికెట్ కొన్నాడు. ఒకడి మెళ్లో ఐడీ కార్డు వేలాడుతోంది. ఒకడి దగ్గర కార్డు లేదని తెలుసు, పాసా టికెట్టా అన్నది తెలియదు. ఎవర్ని ఆపి చూడాలి? నేను ప్రశ్న పూర్తి చెయ్యకముందే, మా బ్యాచ్‌లోనే ఉన్న రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ గారు అందుకున్నారు: ‘పాస్ చూపించినోడి కార్డు చూడాలి, కార్డు లేనోడి చేతిలో ఏటుందో చూడాలి. మెళ్లో కార్డేసుకున్నోడితో నాకేటి పనండీ?’ మిగతా అందరూ అదే అన్నారు. ఇదీ నిన్నటి పజిలే, అక్షరం తేడా లేదు. మెళ్లో కార్డున్నవాడే నిన్నటి నాలుగు. కార్డు లేనివాడే నిన్నటి ఏడు. చెప్పగానే ఆయన మొహం చూడాలి మీరు. ‘అంటే నాకు నిన్నా వచ్చన్నమాట’ అన్నారు. 1982లో అమెరికాలో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు దీన్నే బీరు తాగేవాళ్ల వయసు మీదకి మార్చి అడిగితే అక్కడా ఎక్కువమంది సరిగ్గానే చెప్పారు. తెలిసిన బతుకులోంచి అడిగితే మనిషికి లాజిక్ వస్తుంది. వట్టి అక్షరాల్లోంచి అడిగితే జారిపోతుంది. మీ పేజీలో ‘ఎక్స్ అన్నీ వై లు అయితే’ అని అచ్చేసే బదులు హాల్‌టికెట్‌ని తెచ్చినందుకు మెచ్చుకోవాలి కూడా. ఆ ‘నే’ ఒక్కటి సరిచూసుకుని ఉంటే ఎంత బాగుండేది!

తిరగేసి ఆలోచించడం వల్ల ఎంత ముప్పో ఈ ఊరివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను మా ఊరిని కొట్టిన రోజు. నేను ముందురోజు రాత్రే మద్దిలపాలెంలో మా అమ్మాయి ఇంటికి వెళ్లిపోయాను. అప్పటికి మనవరాలికి ఆరేళ్లు, మంచం కింద దూరి కూర్చుంది. పొద్దుటినుంచీ కొట్టిన గాలి మధ్యాహ్నం వేళ ఉన్నట్టుండి ఆగింది. ఎంత నిశ్శబ్దమంటే, ఎక్కడో నీళ్లు చుక్క చుక్కగా పడటం వినిపించింది. అపార్ట్‌మెంట్ వాళ్లం ఒక్కొక్కరే కిందికి దిగాం. ఒకాయన చెట్టు కింద పడ్డ కారు చూసుకుంటున్నాడు, నేను పాలు దొరుకుతాయేమోనని సంచీ పట్టుకున్నాను. పై అంతస్తులోంచి నేవీలో చేసిన పెద్దాయన అరిచాడు: ‘లోపలికి పదండి! ఇది తుఫాను కన్ను, ఇంకా సగం ఉంది!’ ఆయన మాట విని మెట్లెక్కుతుండగానే మళ్లీ మొదలైంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. పొద్దున్న గాలికి తట్టుకున్న రేకులు మధ్యాహ్నం గాలికి ఎగిరిపోయాయి.

మేం చేసిన తప్పు మొన్న మనవరాలికి కాగితం మీద రాసి చూపించాను. తుఫాను పోతే గాలి ఆగుతుంది. గాలి ఆగింది. కాబట్టి తుఫాను పోయింది. మొదటి రెండూ నిజాలే. మూడోది ప్రాణం మీదికి తెచ్చేది. ‘ఇది అఫర్మింగ్ ది కాన్సీక్వెంట్ తాతయ్యా’ అంది, అంటే ఫలితం కనబడింది గనక కారణమూ జరిగిందనుకోవడం. పేరు నాకు నోరు తిరగలేదు గానీ సంగతి అదే.

మా నాన్నగారు విజయనగరం సంస్కృత కళాశాలలో చదువుకున్న తెలుగు పండితులు. మాకు చిన్నప్పుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం, అంటే మన తర్కశాస్త్రానికి తొలిమెట్టు లాంటి సంస్కృత పుస్తకం, బలవంతంగా చెప్పేవారు. కొండ మీద నిప్పు ఉంది, పొగ కనబడుతోంది గనక. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లోలాగ. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని అయిదు మెట్లు వల్లె వేయించేవారు. ‘మరి నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా?’ అని అడిగి, మేం ఉంటుందంటే నెత్తిన మొట్టేవారు. ‘కాల్చిన ఇనపగుండు చూశావురా ఎప్పుడైనా?’ అనేవారు. వంటింట్లో కట్టెల పొయ్యి తప్ప ఏమీ చూడని మాకు ఇనపగుండు ఎక్కడ దొరుకుతుంది? ఆ మొట్టికాయకి అర్థం నాకు స్టీల్‌ప్లాంట్‌లో చేరాక తెలిసింది. కాస్టింగ్ మెషీన్‌లోంచి బ్లూమ్ బయటికి వస్తుంది. ఎర్రటి నారింజ రంగు దిమ్మె, దూరంగా నిలబడ్డా మొహం చుర్రుమంటుంది. పొగ మాత్రం ఇసుమంత లేదు. మొదటి షిఫ్టులో దాన్ని చూస్తూ నాన్నగారిని తలుచుకున్నాను. నిప్పుకి తడి కట్టె తోడైతేనే పొగ అని మన తార్కికులు చెప్పింది అక్కడ కళ్లారా చూశాను. గమనించారా, అక్కడా ‘తేనే’.

ఇంకొకటి. ప్లాంటు చూడ్డానికి వచ్చే కాలేజీ పిల్లలు కొందరు ‘అబ్బ, ఎంత పొగో’ అనేవారు. అది పొగ కాదు, బ్లూమ్ చల్లార్చడానికి చిమ్మే నీళ్ల ఆవిరి. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న సామెతలో తర్కం నూటికి నూరు పాళ్లు సరైనదే. కానీ మనం పొగనుకున్నది ఆవిరైతే? తర్కం తప్పులేకుండా నడిచి తప్పు చోటికి చేరుస్తుంది. వీధిలో ఒకరి మీద పుకారు పుడితే ఆ సామెత ఎత్తేవాళ్లకి ఈ మాట చెప్పి చూశాను. ఎవరూ వినలేదు.

కోచింగ్‌లో నేర్పే వాదనల పాఠం గురించి ఒక్క మాట చెప్పకపోతే నా కడుపుబ్బరం తీరదు. ఒక ప్రశ్న ఇచ్చి, దాని కింద రెండు వాదనలిచ్చి, ఏది బలమైనది ఏది బలహీనమైనది అంటారు కదా. దానికి మా మనవరాలి నోటుబుక్కులో షార్ట్‌కట్లు రాయించారు: ‘ఓన్లీ’ అన్న మాట ఉంటే వీక్, ‘వేరే దేశాల్లో చేశారు’ అని ఉంటే వీక్, అంకెలుంటే స్ట్రాంగ్. వాదన చదవక్కర్లేదు, మాట వెతికితే చాలు! బియ్యంలో రాళ్లు ఏరమంటే బస్తా మీద అచ్చు చూసి చెప్పినట్టుంది. ‘రక్తం గడ్డకట్టడానికి ఈ మందొక్కటే దారి’ అన్నదానిలో ‘ఒక్కటే’ నిజమో కాదో మందు గురించి తెలిస్తే చెప్పాలి గానీ, మాటని చూసి ఎలా చెబుతారు?

నేను దానికి వేరే దారి చెప్పాలని పోయిన ఆదివారం ఓ వాదన అల్లాను. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపేస్తారు. వేట ఆగితే చేపల ధర పెరుగుతుంది. ఈ వారం వంజరం ధర బాగా పెరిగింది. కాబట్టి వేట ఆగిపోయి ఉంటుంది. దీన్ని బలహీనపరిచే మాట ఒకటి చెప్పు అన్నాను. పిల్ల పెన్ను కొరుకుతూ ఆలోచిస్తోంది. పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని ఆ వంజరమే కోస్తున్న మా ఆవిడ తలెత్తకుండా అంది: ‘కార్తీకం అయిపోయింది కదే. నెల్లాళ్లు ముట్టనోళ్లంతా ఒక్కసారి పూర్ణా మార్కెట్టు మీద పడితే ధర పెరగదేటి? బోట్లు రోజూ ఎల్తన్నాయి, నేను కొన్న చేప ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు తాతా మనవరాలూ?’

పుస్తకంలో దీనికి ‘వేరే కారణం చూపడం’ అని పేరు. మా ఆవిడ ఆ పుస్తకం చూడలేదు. నేను పిల్లకి చెప్పదల్చుకున్న రెండో సంగతి కూడా అందులోనే ఉంది. నా వాదనలో పైకి అనని మాట ఒకటుంది: ధర పెరగడానికి వేట ఆగడం తప్ప వేరే కారణం లేదని. దాగున్న ఆ మాటని బయటికి లాగి, అది అబద్ధమైతే వాదన నిలబడుతుందా అని చూడటమే పని. నిలబడకపోతే వాదన అంతా దానిమీదే కూర్చుందని అర్థం. ఏ షార్ట్‌కట్టూ అక్కర్లేదు.

దాని ఫలితం ఆ మర్నాడే కనబడింది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు సిగ్నల్‌లో ఆగింది. ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ, దాని నిండా ర్యాంకర్ల పాస్‌పోర్టు ఫొటోలు, కింద ‘మీరూ చేరండి, మీదే తర్వాతి ర్యాంకు’ అని. పిల్ల దానికేసి చూసి, ‘ఎంతమంది చేరారో రాయలేదు తాతయ్యా. వీళ్లు ఇక్కడ చేరకపోయినా వచ్చేదేమో’ అంది. చేరకపోయినా! ఆ ‘నా’ దానంతటదే వాడింది. టికెట్ కొడుతున్న కండక్టర్ కూడా ఓసారి ఫ్లెక్సీ వైపు చూశాడు.

ఇక నేను మిమ్మల్ని అడిగేవి. ఏడో ప్రశ్న జవాబుకి సవరణ వెయ్యండి, లోపలి పేజీలో మూల కాకుండా ఆ చదువు పేజీలోనే, ఎందుకు తప్పో ఒక ముక్కతో సహా. మీ పేజీ చదివే పిల్లలు మా ఇంట్లోనే కాదు, ఊరూరా ఉంటారు. బ్యాంకు పరీక్షలకి చదివేవాళ్లు, గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఆ ముక్క కత్తిరించి ఫైల్లో పెట్టుకుంటారు. అలాగే వారానికి పది ప్రశ్నలు వద్దు, నాలుగు వేసినా చాలు, ప్రతిదానికీ జవాబు పక్కన కారణం వెయ్యండి. తలకిందులుగా అచ్చయిన ‘ఎ, సి, బి, డి’ వల్ల ఎవరికీ ఏమీ రాదు, మెడ నొప్పి తప్ప. ఇంగ్లీషు నుంచి మార్చేటప్పుడు తెలుగు బాగా మాట్లాడే మనిషొకరు ఇంగ్లీషు చూడకుండా, తెలుగు ఒక్కటీ చదివి జవాబు చెప్పి చూడాలి. అచ్చుకి ముందు అది మీ కీతో కలవకపోతే ఎక్కడో ‘నే’ దూరిందన్నమాట.

ఈ ఉత్తరం మొత్తం చదివి మనవరాలు ఒక్క సవరణ చెప్పింది. చివర్లో ‘సవరణ వేస్తేనే మీ పేపర్ కొంటాం’ అని రాయమంది. రాయను అన్నాను. అలా రాస్తే, మీరు వేసినా మేం కొంటామన్న హామీ అందులో లేదు కదా. దాని లాజిక్ దానికే అప్పజెప్పేసరికి నాలుక కరుచుకుంది. అసలు సంగతేంటంటే, మా ఇంటికి మీ పేపర్ చాలా ఏళ్లుగా వస్తోంది. మీరు వేసినా వెయ్యకపోయినా వస్తూనే ఉంటుంది. మా ఆవిడ చేపలు కొయ్యడానికి అడుగున పరుచుకునేది అదే.

ఇట్లు,
స్టీల్‌ప్లాంట్ విశ్రాంత ఉద్యోగి,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం